జపాన్ చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్క ఐదేళ్ళు పట్టుకుని చదవండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అనిమే వల్ల జపాన్ మీద ఇష్టం కలిగిందని, ప్రాచీన కాలం నుంచి నేటి దాకా చెప్పే చరిత్ర పుస్తకాలు రెండు కొని వంద పేజీలు దాటలేకపోయానని, వచ్చే ఏడాది ఉద్యోగం మీద ఒసాకా వెళ్తున్నానని రాశారు. ఆలోపు ఆ దేశపు చరిత్ర, వారసత్వం చదివి తెలుసుకోవాలని ఉంది, జపనీస్ చదవడం రాదు, ఇంగ్లీషులో చదవగలను, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను కోబెలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. తిరిగి వచ్చేసి చాలాకాలమైనా ఈ పుస్తకాలు చదవడం మాత్రం ఆపలేదు. మొదట్లో నేను చేసిన పొరపాట్లే మీరూ చేస్తున్నట్టు అనిపించి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నా మొదటి పొరపాటు సమురాయ్ పుస్తకాలతో మొదలుపెట్టడం. 'బుషిదో' (యోధుల మార్గం) పేరుతో ప్రపంచమంతా తిరిగే ప్రసిద్ధ పుస్తకం నితోబె ఇనాజో అమెరికాలో ఉండగా, ఇంగ్లీషులో, విదేశీ పాఠకుల కోసం రాసినది. అది వచ్చింది 1900లో. అప్పటికి సమురాయ్ వర్గమే రద్దయి దాదాపు పాతికేళ్ళయింది. ఇంకో పేరున్న పుస్తకం 'హగాకురె'. చావుకు సిద్ధంగా ఉండటమే యోధుడి మార్గమని అందులో ఉంటుంది. ఆ మాటలు చెప్పిన యమమొతొ త్సునెతొమొ జీవితంలో ఒక్క యుద్ధం కూడా చూడలేదు. దేశంలో పెద్ద యుద్ధాలు ఆగిపోయి వందేళ్ళు అయ్యాక, 1710ల ప్రాంతంలో చెప్పిన మాటలవి. చదవొద్దని అనడం లేదు. అవి ఏ కాలానికి చెందినవో తెలిశాక చదివితే చాలా నేర్పుతాయి. మొదటే చదివితే మాత్రం ప్రతి జపనీస్ యోధుడూ కత్తి పట్టుకున్న సన్యాసిలా కనిపిస్తాడు. నాకు రెండేళ్ళు అలాగే కనిపించారు.

రెండో పొరపాటు మీరు చేసినదే, మొత్తం చరిత్రను వరసగా చదవాలనుకోవడం. యుగాల పేర్లు, చక్రవర్తుల పేర్లు, తేదీలు. ముఖం తెలియని వందమంది పేర్లు ఎవరికి గుర్తుంటాయి?

అందుకే నా సలహా ఇది. 1180 నుంచి 1185 వరకు ఐదేళ్ళు తీసుకోండి. ఆ ఐదేళ్ళ గురించి అప్పుడు బతికినవాళ్ళు ఏం రాశారు, వందేళ్ళ తర్వాత ఏం పాడారు, ఐదొందల ఏళ్ళ తర్వాత ఎవరు అక్కడికి వెళ్ళి ఏడ్చారు, ఈ దారంట వెళ్ళండి. దారిలో మిగతా చరిత్ర దానంతటదే తగులుతుంది. జపాన్‌లో వారసత్వం చాలావరకు ఇలాగే నిలిచింది. ముందువాళ్ళు రాసినదాన్ని తర్వాతివాళ్ళు చదివి, ఆ చోటికి నడిచి వెళ్ళి, తమ మాట ఒకటి కలిపి వచ్చారు.

ఆ ఐదేళ్ళలో ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాను. క్యోటో రాజధాని. తైరా వంశం అధికారంలో ఉంది. ఆ వంశ పెద్ద కియొమొరి తన కూతుర్ని చక్రవర్తికిచ్చి పెళ్ళి చేశాడు, పసివాడైన మనవణ్ణి 1180లో సింహాసనం ఎక్కించాడు. అదే ఏడు మినమొతొ వంశం తిరగబడింది. 1181లో కియొమొరి చనిపోయాడు, 1183లో తైరాలు రాజధాని వదిలి పడమటికి పారిపోయారు, 1185లో దన్నోఉరా జలసంధిలో ఓడలమీద జరిగిన యుద్ధంలో ఆ వంశం మునిగిపోయింది. చక్రవర్తి పిల్లవాడు అంతొకును అమ్మమ్మ ఎత్తుకుని, అలల కింద కూడా ఒక రాజధాని ఉందని చెప్పి సముద్రంలోకి దూకింది. ఆ తర్వాత దాదాపు ఏడొందల ఏళ్ళు దేశంలో అసలు అధికారం యోధుల చేతుల్లోనే ఉంది. అందుకే ఈ ఐదేళ్ళు అంత ముఖ్యం.

పేర్ల దగ్గర ఒక చిక్కు ఉంది, ముందే తెలుసుకుంటే టెన్షన్ ఉండదు. తైరా వంశాన్నే 'హేకే' అని, మినమొతొ వంశాన్నే 'గెంజి' అని కూడా అంటారు. చైనా నుంచి తెచ్చుకున్న అక్షరాలను జపాన్‌లో రెండు రకాలుగా చదువుతారు కాబట్టి ఇలా రెండేసి పేర్లు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత వస్తాయి. మన పద్ధతే కాబట్టి అలవాటు కావడం కష్టమేమీ కాదు. మధ్యలో వచ్చే 'నొ' అంటే 'యొక్క' అని అర్థం. తైరా నొ కియొమొరి అంటే తైరాల కియొమొరి.

ఇక పుస్తకాలు. మొదట 'హోజోకి' చదవండి. ముప్ఫై పేజీలు కూడా ఉండదు, ఒక్క సాయంత్రం చాలు. కమొ నొ చోమెయ్ అనే ఆయన 1212లో, అరవైకి దగ్గరపడ్డాక, కొండల్లో పది అడుగుల చదరపు గుడిసెలో కూర్చుని రాసుకున్నది. పారే నది ఆగదు, కానీ ఆ నీళ్ళు అవే నీళ్ళు కావు అంటూ మొదలవుతుంది. తర్వాత తన యవ్వనంలో కళ్ళారా చూసిన ఐదు విపత్తులు చెప్తాడు. 1177లో రాజధానిలో మూడోవంతు కాలిపోయిన అగ్నిప్రమాదం, 1180లో సుడిగాలి, అదే ఏడు హఠాత్తుగా రాజధానిని ఫుకుహరాకు మార్చడం, ఆ తర్వాత రెండేళ్ళ కరువు, 1185లో భూకంపం. మంటలు విసనకర్ర తెరిచినట్టు వెడల్పుగా విస్తరించాయంటాడు. రాజధాని మారినప్పుడు జనం తమ ఇళ్ళు విప్పదీసి ఆ కలపను నదిలో తేలేసుకుంటూ తీసుకెళ్ళారంటాడు. కరువులో బజారుకు వచ్చిన వంటచెరకు మీద ఎర్ర రంగు, బంగారు రేకు అంటుకుని కనిపించాయట. ఆరా తీస్తే, పాత గుళ్ళలో బుద్ధ విగ్రహాలు విరగ్గొట్టి కట్టెలుగా అమ్ముతున్నారని తెలిసింది.

అదే కరువులో ఒక భిక్షువు వీధుల్లో పడి ఉన్న శవాల దగ్గరికి వెళ్ళి ప్రతి నుదుటి మీదా 'అ' అనే అక్షరం రాసుకుంటూ పోయాడు. రెండు నెలల్లో క్యోటో తూర్పు సగంలోనే 42,300 పైచిలుకు శవాలు లెక్కకు వచ్చాయని చోమెయ్ రాశాడు. ఆ అక్షరం మన అక్షరమే. బౌద్ధంతో పాటు 'సిద్ధం' అనే పాత భారతీయ లిపిలో జపాన్ చేరిన సంస్కృత 'అ'. మొదటి అక్షరం, పుట్టుకలేని మూలతత్వానికి గుర్తు. జపనీస్ నేర్చుకునేటప్పుడు అక్షరాలు అ, ఇ, ఉ, ఎ, ఒ, ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ అనే వరసలో ఎందుకు వస్తాయో మీకు అనుమానం వచ్చి ఉండాలి. సంస్కృత వర్ణమాల చదివిన బౌద్ధ పండితుల వల్ల వచ్చిన వరస అది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ నుదుటి మీది 'అ' మర్చిపోవడం నా వల్ల కాలేదు.

హోజోకి చదివేటప్పుడు ఒకటి గమనించండి. ఆ ఐదేళ్ళూ దేశమంతా యుద్ధం. చోమెయ్ యుద్ధం గురించి దాదాపు ఏమీ చెప్పడు. నిప్పు, గాలి, ఆకలి, భూమి అదరడం, ఇవే చెప్తాడు. వీధిలో బతికే మనిషికి ఆ ఐదేళ్ళు అలా కనిపించాయన్నమాట. భూకంపం తర్వాత కొన్నాళ్ళు అందరూ బతుకు క్షణికమని మాట్లాడుకున్నారు, నెలలు గడిచి సంవత్సరాలయ్యేసరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేరు అని కూడా రాశాడు. చివర్లో తనకు తన గుడిసె మీద ఉన్న ఇష్టం కూడా బంధనమే కదా అని తనను తానే నిలదీసుకుంటాడు. ఆ ప్రశ్నకు జవాబు రాయలేదు.

ఈ చిన్న పుస్తకం వెనక పెద్ద చరిత్ర నడిచింది. నవలాకారుడు నత్సుమె సోసెకి కాలేజీలో ఉండగా 1891లో తన ఇంగ్లీషు ప్రొఫెసర్ కోరితే దీన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. 1945 మార్చిలో టోక్యోపై అమెరికా విమానాలు ఒక్క రాత్రిలో లక్షమంది దాకా జనాన్ని కాల్చి చంపినప్పుడు, హొత్త యొషియె అనే యువకుడు హోజోకిలోని అగ్నిప్రమాదం వాక్యాలను తలుచుకున్నాడు. తర్వాత పెద్ద రచయిత అయ్యాడు, 1971లో ఆ అనుభవం మీదే ఒక పుస్తకం రాశాడు. ఏడొందల అరవై ఏళ్ళ కిందటి సాక్షి మాట కాలుతున్న నగరంలో ఒక మనిషికి అక్కరకొచ్చింది. 2011 భూకంపం, సునామీ తర్వాత కూడా ఈ పుస్తకాన్నే మళ్ళీ తీశారు.

రెండోది 'హేకే మోనోగతారి', అంటే హేకే కథ. ఇది పెద్దది. ఒక మనిషి కూర్చుని రాసింది కాదు, బివా అనే తంత్రీవాద్యం వాయిస్తూ అంధ గాయకులు ఊరూరా పాడింది. ఇప్పుడు అందరూ చదివే పాఠాన్ని కకుఇచి అనే గాయకుడు 1371లో శిష్యుడితో రాయించాడు. మొదటి వాక్యాలు జపాన్‌లో బడిపిల్లలు కంఠస్థం చేస్తారు. నాకు తెలిసినంతలో తెలుగు చేస్తే ఇలా ఉంటాయి: "జేతవన విహారం గంట మోతలో అన్నీ అనిత్యమనే ధ్వని ఉంది. జంట సాలవృక్షాల పూల రంగు, వెలిగినవాళ్ళు వాడిపోక తప్పదని చూపిస్తుంది. గర్వించినవాళ్ళు ఎంతోకాలం ఉండరు, వసంతరాత్రి కన్న కల లాంటివాళ్ళు."

జేతవనం ఎక్కడిది? శ్రావస్తిలో బుద్ధుడు వర్షాకాలాలు గడిపిన చోటు. సాలవృక్షాలు ఆయన కుశీనగరంలో కన్నుమూసినప్పుడు రెండు పక్కలా ఉన్నవి. జపాన్ ప్రసిద్ధ వీరగాథ మన గంగామైదానంలో మొదలవుతుంది. పాడినవాళ్ళలో ఎవరూ అక్కడికి వెళ్ళలేదు, ఆ గంట వినలేదు.

తెలుగువాళ్ళకు ఈ పుస్తకం దగ్గరగా అనిపించడానికి ఇంకో కారణం ఉంది. మన పల్నాటి యుద్ధం కూడా సరిగ్గా ఆ కాలంలోనే, 1180ల ప్రాంతంలో జరిగిందని అంటారు. అన్నదమ్ముల పోరు, వంశ నాశనం, బాలచంద్రుడి లాంటి కుర్రవాడి చావు, ఆ తర్వాత తరతరాలుగా పాడుకున్న గాయకులు, కారంపూడిలో ఇప్పటికీ కార్తీకంలో జరిగే వీరుల ఉత్సవం. హేకే గాయకులు కూడా చనిపోయినవాళ్ళ ఆత్మలకు శాంతి కలగాలని పాడేవాళ్ళు. పల్నాటి వీరచరిత్ర వినే కుటుంబంలో పెరిగినవాళ్ళకు హేకే చదవడానికి ప్రత్యేకంగా తయారీ అక్కర్లేదు, ఓడినవాళ్ళ కోసం పాడటం ఏమిటో తెలిసే ఉంటుంది.

హేకేలో యోధులు ఏడుస్తారు. వాళ్ళ అంగీ చేతుల అంచులు ఎప్పుడూ కన్నీళ్ళతో తడిసే ఉంటాయి. 1180లో ఫుజి నది ఒడ్డున రాత్రిపూట నీటిపక్షులు ఒక్కసారిగా లేచిన చప్పుడు విని, శత్రువు వచ్చేశాడనుకుని తైరా సైన్యం గుర్రాలు తారుమారు చేసుకుని పారిపోయింది. 'బుషిదో' చదివి వచ్చిన నాకు ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది.

ఇప్పుడు సుమా గురించి చెప్పాలి. కోబె నగరం పడమటి వైపున సుమా ఉంది. ఒకవైపు కొండ, ఇంకోవైపు సముద్రం, మధ్యలో సన్నటి నేల, ఆ నేలమీద రైలు పట్టాలు. 1184లో ఇచినొతాని యుద్ధం జరిగింది అక్కడే. జపాన్ వెళ్ళిన మొదటి ఏడాది ఒక ఆదివారం ఊరికే రైలెక్కి అక్కడి సుమాదెరా గుడికి వెళ్ళాను. ఆవరణలో గుర్రాల మీద ఇద్దరు యోధుల విగ్రహాలు ఎదురెదురుగా ఉన్నాయి. ఫోటో తీసుకున్నాను, పక్కన దుకాణంలో టీ తాగాను, వచ్చేశాను. వాళ్ళెవరో తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. మూడేళ్ళ తర్వాత హేకే తొమ్మిదో భాగం చదువుతూ ఆగిపోయాను. నా ఫోన్‌లో ఉన్నది ఆ ఇద్దరి బొమ్మే.

కుమగాయ్ అనే మినమొతొ యోధుడు ఒడ్డున ఉన్నాడు. ఓడలవైపు గుర్రాన్ని ఈదిస్తున్న ఒక తైరా వీరుణ్ణి చూసి, వెన్ను చూపిస్తావా, వెనక్కి రా అని విసనకర్ర ఊపి పిలిచాడు. అతను వెనక్కి వచ్చాడు. కింద పడేసి, తల నరకబోతూ శిరస్త్రాణం తీసి చూస్తే పదహారు పదిహేడేళ్ళ పిల్లవాడు. పేరు అత్సుమొరి. ఆ పొద్దునే కుమగాయ్ కొడుకుకు యుద్ధంలో గాయమైంది, వాడిదీ అదే వయసు. వదిలేద్దామనుకున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే తనవైపు వాళ్ళే గుర్రాలమీద వచ్చేస్తున్నారు. తను వదిలినా వాళ్ళు వదలరు. ఏడుస్తూ నరికాడు. తర్వాత అతని నడుముకు ఉన్న సంచిలో వేణువు దొరికింది. తెల్లవారుజామున కోట లోపలి నుంచి వినపడిన సంగీతం వీళ్ళదేనా అనుకున్నాడు. మా సైన్యంలో ఇన్ని వేలమంది ఉన్నారు, యుద్ధానికి వేణువు తెచ్చుకున్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అని బాధపడ్డాడు. ఆ తర్వాత కత్తి వదిలి భిక్షువయ్యాడు.

ఇక్కడ ఆగకండి, అసలు చదువు ఇక్కడి నుంచే. గెలిచిన మినమొతొలు పెట్టిన కమకురా ప్రభుత్వపు చరిత్ర గ్రంథం 'అజుమ కగమి' ఉంది. అందులో కుమగాయ్ 1192లో ఒక భూమి తగాదాలో వాదన సరిగ్గా చెప్పుకోలేక, కోపంతో అక్కడికక్కడే జుట్టు కోసుకుని వెళ్ళిపోయాడని ఉంది. అత్సుమొరి ప్రస్తావన లేదు. మరి నిజం ఏది? రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. పొలం గట్టు తగాదా పడే మోతుబరి రైతు లాంటి యోధుడు ఒకవైపు, కొడుకు వయసు పిల్లవాణ్ణి చంపి తట్టుకోలేని తండ్రి ఇంకోవైపు. గాయకులు కథను ఎటు తిప్పారో, జనం ఏ కుమగాయ్‌ని గుర్తుపెట్టుకోవాలనుకున్నారో అక్కడ కనిపిస్తుంది. చరిత్ర అంటే జరిగినదీ, జనం దాన్ని మోసుకొచ్చిన తీరూ రెండూ అని నాకు అర్థమైంది ఈ ఒక్క మనిషి వల్లే. అతను హోనెన్ అనే గురువు దగ్గర శిష్యుడైన మాట మాత్రం నిజం. హోనెన్ ఇంకో శిష్యుడు షిన్రాన్ తన పరంపరలో మొట్టమొదటి గురువుగా లెక్కపెట్టింది నాగార్జునుణ్ణి, మన నాగార్జునకొండకు పేరు వచ్చిన ఆచార్యుణ్ణే.

ఆ యుద్ధం జరిగి రెండొందల ఏళ్ళు దాటాక జెఆమి అనే నటుడు అత్సుమొరి మీద 'నో' నాటకం (మాస్కులు పెట్టుకుని ఆడే పాత నాటక శైలి) రాశాడు. అందులో భిక్షువైన కుమగాయ్ ఆ తీరానికే తిరిగి వెళ్తాడు. గడ్డి కోసేవాళ్ళలో ఒకడు వేణువు వాయిస్తుంటాడు. వాడే అత్సుమొరి ఆత్మ. చివర్లో కత్తి ఎత్తుతాడు, మళ్ళీ దించేస్తాడు. నువ్వు నా శత్రువు కాదు, మనం ఒకే తామరపువ్వులో పుడతాం, నాకోసం ప్రార్థించు అంటాడు. చదవడానికి అరగంట పట్టదు. ఆర్థర్ వేలీ 1921లో చేసిన ఇంగ్లీషు అనువాదం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. 1751లో తోలుబొమ్మలాట లాంటి జోరురి రంగస్థలం మీద ఇదే కథ మళ్ళీ మారింది. అందులో కుమగాయ్ అత్సుమొరిని కాపాడటానికి తన సొంత కొడుకును బలిపెడతాడు. గుండు చేయించుకుని వెళ్ళిపోతూ, పదహారేళ్ళు, కల, అంతా కల అంటాడు. ప్రభువు కోసం పిల్లల్ని బలిపెట్టే కథలు ఎందుకు అంతగా ఆడాయో అడగండి, తొకుగవా కాలపు (1603-1868) సమాజం గురించి ఒక పుస్తకం చెప్పేంత తెలుస్తుంది.

నారాలోని మహాబుద్ధుడి గురించి కూడా ఈ ఐదేళ్ళలోనే వస్తుంది. 752లో ఆ కంచు విగ్రహానికి కళ్ళు దిద్దింది బోధిసేనుడు అనే భారతీయ భిక్షువు. 1180-81 శీతాకాలంలో తైరా సైన్యం నారాను తగలబెట్టినప్పుడు ఆ ఆలయం కాలి, విగ్రహం కరిగింది. ఊరూరా చందాలు పోగుచేసి మళ్ళీ పోతపోశారు. 1185లో, హోజోకి చెప్పిన భూకంపం వచ్చిన కొద్ది వారాలకే, మాజీ చక్రవర్తి గొషిరకావా కొత్త విగ్రహానికి కళ్ళు దిద్దాడు. చేతిలో ఉన్నది 433 ఏళ్ళ కిందట బోధిసేనుడు వాడిన కుంచె. దాన్ని అన్నాళ్ళూ ఆలయ ఖజానాలో దాచి ఉంచారు, ఇప్పటికీ ఉంది. ఒసాకా నుంచి నారా ఒక గంట లోపే. మీరు అక్కడికి ఎలాగూ వెళ్తారు. జింకల ఫోటోలు తీసుకోవడం అయ్యాక విగ్రహం కళ్ళ వైపు కాసేపు చూడండి.

ఈ దారిలో చివరి మనిషి బషో. మనకు ఆయన హైకూల వల్ల తెలుసు. ఇస్మాయిల్ గారి వల్ల, ఆ తర్వాత రాసినవాళ్ళ వల్ల హైకూ తెలుగులో చుట్టమైపోయింది. కానీ హైకూలను విడిగా, మూడేసి పాదాలుగా చదివితే సగమే అందుతుంది. ఆయన యాత్రా పుస్తకం 'ఒకు నొ హొసొమిచి'లో పెట్టి చదవండి. 1689లో బయలుదేరి ఉత్తరాదికి కాలినడకన వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడంటే, పాత కవులు చెప్పిన చోట్లు, పాత యుద్ధాలు జరిగిన చోట్లు చూడటానికి. అంటే ఆయనా మీలాగే చదివి వెళ్ళినవాడు. హిరాయిజుమిలో, ఇచినొతాని గెలిచిన మినమొతొ సేనాని యొషిత్సునె 1189లో తన సొంత అన్న పగకు బలైన చోట, సరిగ్గా ఐదొందల ఏళ్ళకు టోపీ కింద పరుచుకుని కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. అప్పుడు రాసినదే ఆ ప్రసిద్ధమైన హైకూ:

వేసవి గడ్డి
ఒకప్పటి వీరుల
కలల జాడ

ఇంకొకటి నాకు అంతకన్నా ఇష్టం. హేకేలో సానెమొరి అని డెబ్బై దాటిన యోధుడు ఉంటాడు. ముసలివాడని కుర్రవాళ్ళు చులకనగా చూస్తారేమోనని తెల్లజుట్టుకు నల్లరంగు వేసుకుని 1183లో చివరి యుద్ధానికి వెళ్ళాడు. చంపాక తల కడిగితే రంగు పోయి తెల్లజుట్టు బయటపడింది. ఎరిగినవాడొకడు అది చూసి "అయ్యో, ఎంత ఘోరం" అని ఏడ్చాడు. బషో కొమత్సు ఊరి గుడిలో ఆ శిరస్త్రాణం చూశాడు. హేకేలోని ఆ మాటనే, జెఆమి నాటకంలోనూ వినిపించే మాటనే, తీసుకుని రాశాడు: "ఎంత ఘోరం, శిరస్త్రాణం కింద కీచురాయి." విడిగా చదివితే ఏదో పురుగు పద్యం. ఆ జుట్టు కడిగిన నీళ్ళు గుర్తుంటే వేరు.

అనువాదాల సంగతి. హేకేకు రాయల్ టైలర్ 2012లో చేసిన అనువాదం పాట, పద్యం, మాట వేరువేరుగా కనిపించేలా అచ్చువేశారు, గాయకుడి గొంతు వినిపిస్తుంది. అంత పెద్దది మొదటే వద్దనుకుంటే బర్టన్ వాట్సన్ చేసిన సంక్షిప్త అనువాదం తీసుకోండి. హోజోకికి మెరెడిత్ మెకిన్నీ అనువాదం హాయిగా సాగుతుంది, అదే సంపుటిలో కెన్కో రాసిన 'త్సురెజురెగుస' కూడా ఉంటుంది. మీకు ఒక పని చెప్తాను, పుస్తకం తీసిన రోజే ఒక నోటుబుక్కు పెట్టుకుని పేర్లను తెలుగు లిపిలో రాసుకోండి. జపనీస్ పదాలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి, మన అజంత భాషలాగే. కియొమొరి, అత్సుమొరి, సానెమొరి అని తెలుగులో రాసుకుని పైకి చదివితే చాలా తేలిగ్గా నోటికి పడతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తూ ఉంటే అన్నీ ఒకలాగే కనిపిస్తాయి. ఫుట్‌నోట్లు మొదటిసారి వదిలేయండి, రెండోసారి అవే చదవండి.

'గెంజి మోనోగతారి'తో మొదలుపెట్టమని చాలామంది చెప్తారు. నేను చెప్పను. మురసకి షికిబు అనే రాణివాసపు స్త్రీ వెయ్యేళ్ళ కిందట, మన నన్నయ భారతం మొదలుపెట్టడానికి ఒక తరం ముందు, 54 అధ్యాయాల నవల రాసిందంటే అది ఎంత గొప్ప విషయమో వేరే చెప్పక్కర్లేదు. కానీ అందులో మనుషుల్ని పేర్లతో కాకుండా పదవులతోనూ ఇళ్ళతోనూ పిలుస్తారు, పదవి మారితే పిలుపు మారుతుంది. ఏడాది పోయాక చదవండి, అప్పుడు అది మిమ్మల్ని వదలదు. ఆ లోకం రుచి ఇప్పుడే కావాలంటే అదే కాలపు సేయ్ షోనాగొన్ పుస్తకం 'మకురా నొ సోషి' మంచం పక్కన పెట్టుకుని రోజుకు రెండు పేజీలు చదవండి. రాజభవనంలో కొట్టి తరిమేసిన ఒకినమారొ అనే కుక్క తిరిగివచ్చే కథ అందులో ఉంది. అది తన పేరు విని కన్నీళ్ళు పెట్టుకుందని రాసింది. వెయ్యేళ్ళ కిందటి కుక్క.

మన కథలు అక్కడ ఏమయ్యాయో చూడాలని ఉంటే 'కొంజకు మోనోగతారి' ఉంది. వెయ్యికి పైగా కథల సంకలనం. మొదటి ఐదు సంపుటాలూ భారతదేశపు కథలే. మన ఋష్యశృంగుడు అక్కడ ఒంటికొమ్ము ముని అయ్యాడు, తర్వాత నో నాటకంలోకీ, కబుకీలోకీ వెళ్ళాడు.

ఆధునిక కాలం గురించి ఒక్క మాట. క్యోటో, గుళ్ళు, పూలు చదివి అక్కడే ఆగిపోతే జపాన్ మీద ఇష్టం పెరుగుతుంది కానీ చూపు ఒంటికన్ను చూపు అవుతుంది. మెయిజీ కాలానికి (1868-1912) సోసెకి నవల 'కొకొరొ', యుద్ధకాలానికి ఫిలిప్పీన్స్ అడవుల్లో ఆకలితో తిరిగిన సైనికుడి మీద ఓఒక షోహెయ్ రాసిన 'నొబి', హిరోషిమాకు ఇబుసె మసుజి 'కురొయ్ అమె'. ఉత్తరాన హొక్కయిదోలో ఐనూ ప్రజలు ఉన్నారు, వాళ్ళది వేరే భాష, వేరే పాటలు. చిరి యుకియె అనే ఐనూ అమ్మాయి తన అమ్మమ్మ, పెద్దమ్మల లాంటి పెద్దవాళ్ళ నోట విన్న 13 పాటలను రాసి, జపనీస్‌లోకి అనువదించి, 1922లో 19 ఏళ్ళకే చనిపోయింది. పుస్తకం మరుసటి ఏడాది వచ్చింది. దాని ముందుమాట ఎప్పుడు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది. అన్నట్టు, తెలుగులో 'రైలుబడి'గా వచ్చిన 'తొత్తొచాన్' చిన్నప్పుడు చదివి ఉంటే ఇప్పుడు మళ్ళీ తీయండి. ఆ రైలు పెట్టెల బడి 1945 బాంబుల్లో కాలిపోయిందన్న చివరి పేజీలు ఈసారి వేరేగా చదువుతారు.

మీకు ఏడాది సమయం ఉందన్నారు. ఈ వారం హోజోకి. తర్వాత మూడు నెలలు హేకే, రోజుకు పది పేజీల లెక్కన. జెఆమి నాటకాలు రెండు, అత్సుమొరి, సానెమొరి. ఆ తర్వాత బషో. ఇంతే, విమానం ఎక్కేలోపు నిదానంగా అయిపోతుంది.

ఒసాకాలో దిగాక మొదటి ఖాళీ ఆదివారం కోబె వైపు రైలెక్కి సుమాలో దిగండి. కిటికీలోంచి కుడివైపు కొండ, ఎడమవైపు సముద్రం కనిపించే చోటు వచ్చాక లేచి నిలబడండి, తైరాలు ఎందుకు ఓడలవైపు పరుగెత్తాల్సి వచ్చిందో ఆ నేల వెడల్పు చూస్తేనే తెలుస్తుంది. గుడిలో ఆ ఇద్దరు గుర్రపువాళ్ళు ఉంటారు. అత్సుమొరిది అని చెప్పే వేణువు కూడా అక్కడే అద్దాల వెనక ఉంటుంది. హేకే పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారో నేను తెలుగులో రాసుకున్న పట్టిక ఒకటి ఉంది. మీరు పుస్తకం మొదలుపెట్టాక ఇక్కడ ఒక మాట రాయండి, ఫోటోలు తీసి పెడతాను.